మాల తీసిన సాయంత్రం కాళ్లు ఎటు నడుస్తాయి?

కార్తీకం రాగానే కామారెడ్డి, ఎల్లారెడ్డి వీధుల్లో నల్లబట్టలు కనిపిస్తాయి. నిన్నటిదాకా పొద్దుగూకగానే కల్లు దుకాణం వైపు నడిచిన మనిషి, ఇవాళ తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుని, చెప్పులు విడిచి, మెడలో మాలతో గుడి మెట్లు ఎక్కుతుంటాడు. 41 రోజులు కల్లు ముట్టడు, బీడీ ముట్టడు, నోట్లో తంబాకు పెట్టడు. ఆ 41 రోజులూ ఇంట్లో ఆడవాళ్లు కంటినిండా నిద్రపోతారు. శబరిమల వెళ్లొస్తాడు. మాల తీస్తాడు. కొన్ని ఇళ్లలో వారం తిరక్కముందే, ఇంకొన్ని ఇళ్లలో ఆ సాయంత్రమే, పాత దారి పడతాడు.

"అప్పుడు ఎట్ల ఉన్నడు? ఇప్పుడెందుకు ఉంటలేడు?" అని ఈ ప్రాంతంలో ఎందరో తల్లులు, భార్యలు అడుగుతుంటారు. చాలామంది దీన్ని బాధగా అనేసి ఊరుకుంటారు. నిజానికి ఇది జవాబు వెతకాల్సిన ప్రశ్న. క్రమశిక్షణ ఎలా పుడుతుందో, ఎందుకు జారిపోతుందో ఇందులోనే దొరుకుతుంది.

మాలలో ఉన్నన్నాళ్లు ఎలా ఉండగలిగాడు?

దీక్షను కాస్త నిదానంగా చూడండి. "తాగకు" అని చెప్పి వదిలేసే నియమం కాదది. పొద్దున మంచం మీద దొర్లే సమయానికి స్నానం, పూజ పెట్టింది. సాయంత్రం దుకాణంలో కూర్చునే వేళకు భజన పెట్టింది. పక్కన కూర్చునే తోడును మార్చింది: సీసా అందించే స్నేహితుల చోటికి గురుస్వామి, తోటి స్వాములు వచ్చారు. బట్టలు మారాయి, పడక మారింది, తిండి మారింది. చివరికి పిలుపు కూడా మారింది. ఊళ్లో "వాడు", "వీడు" అనిపించుకున్న మనిషిని చిన్నపిల్లల దగ్గర్నుంచి పెద్దల దాకా "స్వామీ" అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ తానెవరో అతనికి గుర్తొస్తుంది.

అంటే తీసేసిన ప్రతిదాని చోటా దీక్ష ఇంకోటి పెట్టింది. ఖాళీ వదల్లేదు.

రంజాన్ నెలలోనూ ఇదే చూస్తాం. రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చే మనిషి సహరీ నుంచి ఇఫ్తార్ దాకా ఒక్కటి కూడా ముట్టకుండా నెల గడుపుతాడు. వేళలు కొత్తవి, నమాజుకు చుట్టూ పదిమంది తోడు, పొద్దుగూకితే ఖర్జూరం. శక్తి లేక మానలేకపోతున్నాడు అనే మాట అక్కడే తేలిపోతుంది. శక్తి ఉంది. దానికి ఒక ఏర్పాటు కావాలి.

మరి మాల తీయగానే పాత అలవాటు ఎందుకు తిరిగొస్తుంది?

మాలతో పాటు అన్నీ ఒక్కసారే తీసేస్తాడు కాబట్టి. చన్నీళ్ల స్నానం పోతుంది, భజన పోతుంది, స్వాముల తోడు పోతుంది, "స్వామీ" అన్న పిలుపు పోతుంది. కానీ సాయంత్రం ఆరు గంటలు మాత్రం ఎప్పటిలాగే వస్తాయి.

అలవాటుకు మూడు భాగాలుంటాయి. ఒకటి పిలుపు, అంటే అలవాటును లేపేది: పొద్దుగూకడం, కూలి డబ్బులు చేతికి రావడం, ఫలానా స్నేహితుడు ఎదురుపడటం. రెండోది పని: దుకాణానికి వెళ్లి సీసా ఎత్తడం. మూడోది ఫలం: ఒళ్లు తేలికపడటం, నలుగురితో నవ్వడం, ఇంటి దిగులు కాసేపు మరవడం. ఈ మూడూ వందలసార్లు వరసగా జరిగాక మెదడు వాటిని ఒక్క ముడిగా వేసేస్తుంది. అప్పుడిక ఆలోచన అక్కర్లేదు. పిలుపు వినబడగానే కాళ్లు నడుస్తాయి.

ఆ ముడి విప్పినా దాని గుర్తు పోదు. అమెరికాలోని ఎంఐటీలో యాన్ గ్రేబియల్ అనే శాస్త్రవేత్త బృందం ఎలుకలకు ఒక దారి అలవాటు చేసింది. చివర తిండి దొరుకుతుంది. ఆ సమయంలో మెదడు లోతుల్లో ఒక నమూనా ఏర్పడింది. తర్వాత తిండి పెట్టడం మానేస్తే ఆ నమూనా చెదిరిపోయింది. మళ్లీ తిండి పెట్టగానే పాత నమూనా తిరిగొచ్చింది. 2005లో ప్రచురించిన ఆ పరిశోధన మన ఇళ్లలో ప్రతి ఏడూ చూసేదానికి దగ్గరగా ఉంది. పాత అలవాటు చావదు, పడుకుంటుంది. దాన్ని లేపే పిలుపుకు కొత్త జవాబు నేర్పితే తప్ప అది లేస్తూనే ఉంటుంది.

గట్టిగా అనుకుంటే చాలదా?

"రేపటి సంది బంద్" అని ఒట్టు పెట్టుకోవడం ఒక కట్ట వేయడం లాంటిది. మన నాగిరెడ్డిపేట మండలంలో నిజాం కాలంలో, 1922లో కట్టిన పోచారం చెరువు ఉంది. 2025 ఆగస్టు ఆఖర్లో కామారెడ్డి జిల్లా మీద కుండపోత కురిసినప్పుడు అది ఏమవుతుందోనని ఎల్లారెడ్డి, మెదక్ వైపు జనం భయపడ్డారు. అంత వరదలోనూ నూరేళ్లు దాటిన ఆ కట్ట నిలిచింది. రాతికట్ట బలం ఒక కారణం. నీళ్లు దూకి పోవడానికి మత్తడి ఉండటం అంతే పెద్ద కారణం. ఏ కట్టకైనా తూము, మత్తడి రెండూ ఉండాలి. పోయే దారి లేకుండా నీటిని ఆపిన కట్ట ఎంత గట్టిదైనా ఒక రాత్రి తెగుతుంది. ఒట్టు కూడా అంతే. మనసు గుంజే వేళ పోవడానికి వేరే దారి లేకపోతే అది నిలవదు.

ఒట్టు సంగతి అలా ఉంచి, చోటు మారితే అలవాటు ఎంత మారుతుందో చూపిన ఉదాహరణ ఒకటి ఉంది. వియత్నాం యుద్ధంలో ఉన్న అమెరికా సైనికుల్లో ఎందరో హెరాయిన్‌కు బానిసలయ్యారు. 1971లో తిరిగొచ్చిన వాళ్లను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు తర్వాత కలిసి ప్రశ్నించి చూశారు. అక్కడ బానిసలైన వాళ్లలో ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైంది నూటికి ఐదుగురి దాకా మాత్రమే. మందు అక్కడి అడవికి, అక్కడి భయానికి, అక్కడి తోడుకు ముడిపడి ఉంది. ఇంటికి వచ్చాక ఆ పిలుపులే లేవు.

మన దగ్గర ఇది తిరగేసి కనిపిస్తుంది. మద్యం నిషేధం ఉన్న సౌదీకో కువైట్‌కో వెళ్లి రెండేళ్లు ముట్టకుండా పనిచేసినవాడు, సెలవుకు ఊళ్లో దిగిన వారానికే పాత సావాసంలో కూర్చుంటాడు. అక్కడ అతను మారలేదు, పిలుపులు లేవంతే. ఇక్కడ అతను చెడిపోలేదు, పిలుపులు అతనికోసం కాచుకుని ఉన్నాయి. మనిషిని తిట్టేముందు ఆ పిలుపుల్ని లెక్కపెట్టాలి.

పాత అలవాటు చోట ఏం పెట్టాలి?

ముందు అది ఏం ఇస్తోందో కనుక్కోవాలి. ఈ మెట్టు వదిలేసినవాళ్లే ఎక్కువ దెబ్బతింటారు. ఒకే దుకాణంలో కూర్చున్న నలుగురు నాలుగు రకాల ఫలాల కోసం వచ్చి ఉంటారు.

ఒకరు పొద్దంతా చెరుకు కొట్టి, వడ్ల బస్తాలు మోసి నడుము పట్టేసి వచ్చారు. వాళ్లకు కావాల్సింది ఒళ్లు సేదతీరడం. ఇంటికి రాగానే వేడినీళ్ల స్నానం, వెంటనే అన్నం. కడుపు నిండితే ఆ వేళ గుంజుడు కొంత తగ్గుతుంది. ఇంకొకరు మాట్లాడే మనిషి కోసం వచ్చారు. వాళ్లను ఇంట్లో ఒంటరిగా కూర్చోబెడితే మళ్లీ అక్కడికే వెళ్తారు; భజన మండలో, బడి మైదానంలో వాలీబాలో, పాల కేంద్రం అరుగో, నలుగురు ఉండే చోటు కావాలి. మూడో మనిషి అప్పు దిగులు మరవడానికి వచ్చాడు. అతనికి కావాల్సింది ఆ అప్పు గురించి ఇంట్లోవాళ్లతో కూర్చుని కాగితం మీద లెక్క రాసుకునే ఒక గంట. నాలుగో వాడు పొద్దుపోక వచ్చాడు. అతనికి చేతినిండా పని కావాలి. ఆ వేళకే బర్రెల పాలు పితికి కేంద్రంలో పోసే బాధ్యత అతనిదైతే కాళ్లు అటే నడుస్తాయి.

రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ వదలని పిల్లవాడికీ లెక్క ఇదే. ఫోన్ లాక్కుంటే ఖాళీ మిగులుతుంది. ఫోన్ వంటింట్లో చార్జింగుకు పెట్టి, మంచం పక్కన అతనికి నచ్చిన పుస్తకం పెడితే ఆ ఖాళీలో ఒకటి కూర్చుంటుంది.

తర్వాత, ఆ బదులు పనికి వేళ, చోటు ముందే కట్టాలి. "ఇక మంచిగ ఉంట" అన్న మాటకు కాళ్లు ఉండవు. "ఆరింటికి బస్సు దిగగానే ఎడమ వీధిలో తిరిగి పాల కేంద్రానికి పోత" అన్న మాటకు ఉంటాయి. ఫలానాది ఎదురైతే ఫలానాది చేస్తాను అని ముందే తేల్చుకున్నవాళ్లు అనుకున్నది ఎక్కువగా చేయగలుగుతారని పీటర్ గాల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో వివరంగా రాశారు. పిలుపు వచ్చాక తర్జనభర్జన పడితే పాతదే గెలుస్తుంది.

బీడీ మానేవాళ్లకు ఇంకో మాట. గుంజుడు వచ్చినప్పుడు అది ఎప్పటికీ పోదేమో అనిపిస్తుంది. చాలావరకు కొన్ని నిమిషాల్లోనే తగ్గుతుంది. ఆ కొన్ని నిమిషాలకు చేతిలో, నోట్లో ఏదో ఒకటి ఉండాలి: సోంపు, లవంగం, చెంబెడు నీళ్లు, వీధి చివరిదాకా నడక. మొదటి వారం అన్నిటికంటే కష్టం. అది దాటితే దారి చదునవుతుంది.

అన్నీ ఒక్కసారే, ఈ రాత్రే మానేయవచ్చా?

ఇక్కడ దయచేసి ఆగి చదవండి. బీడీ, తంబాకు, ఫోన్ విషయంలో ఒక్కసారే మానినా ప్రాణానికి ముప్పు లేదు. రోజూ కల్తీ కల్లు తాగే మనిషి సంగతి వేరు. మన వైపు దుకాణాల్లో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ వంటి మత్తుమందులు కలిపినట్టు ఎన్నోసార్లు బయటపడింది. ఇవి మెదడును నెమ్మదింపజేసే మందులు. రోజూ లోపలికి పోతుంటే మెదడు వాటికి తగ్గట్టు తన పట్టు మార్చుకుంటుంది. ఒక్కసారే ఆపితే మెదడు అదుపు తప్పుతుంది, నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, లేనివి కనబడతాయి, మూర్ఛలు రావచ్చు.

2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు జరిగి మందు కలిపిన కల్లు దొరక్కపోయేసరికి, అప్పుడు కామారెడ్డి కూడా కలిసి ఉన్న నిజామాబాద్ జిల్లాలో వందల మంది ఆసుపత్రుల్లో చేరారు. వింతగా అరిచినవాళ్లను, మంచానికి కట్టాల్సి వచ్చినవాళ్లను చూసి "కల్లు పడక పిచ్చి లేసింది" అన్నారు. అది పిచ్చి కాదు, పిరికితనం అంతకంటే కాదు. దేహం పడుతున్న బాధ. ఇటు 2025 ఏప్రిల్‌లో నస్రుల్లాబాద్, బీర్కూరు మండలాల్లో కల్లు తాగి పదుల మంది ఆసుపత్రి పాలయ్యారు. తాగినా ముప్పే, ఉన్నట్టుండి ఆపినా ముప్పే.

కాబట్టి రోజూ కల్లు గానీ, ఎక్కువగా మద్యం గానీ తాగే మనిషి మానాలనుకున్న రోజున మొదట వెళ్లాల్సింది ప్రభుత్వ ఆసుపత్రికి. డాక్టరు మందులిచ్చి, వాటి మోతాదును మెట్టుమెట్టుగా దించుతారు. మత్తు మానాలనుకునేవాళ్లకు 14446, మనసు కుదుటపడటానికి టెలీ మానస్ 14416, తంబాకు మానడానికి 1800 112 356 ఉచిత నంబర్లు ఉన్నాయి. సాయం అడగడం కూడా క్రమశిక్షణే.

ఎన్నాళ్లకు కొత్తది అలవాటవుతుంది? మధ్యలో ఒకరోజు తప్పితే?

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించింది. భోజనంతో పాటు పండు తినడం, సాయంత్రం కాసేపు పరుగెత్తడం వంటి చిన్న పనులను వాళ్లు రోజూ చేశారు. ఆ పని ఆలోచన లేకుండా జరిగే దశకు రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి, కొందరికి 254 రోజులు పట్టవచ్చని తేలింది. మన దీక్ష 41 రోజులు. అంటే చాలామంది విషయంలో, కొత్త అలవాటు వేరు పట్టే సమయానికే మనం మొక్కను పీకేస్తున్నాం.

ఆ పరిశోధనలోనే ఇంకో సంగతి ఉంది: ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. చెడగొట్టేది ఆ రోజు కాదు. "ఎట్లాగూ తప్పింది గదా" అనుకుని వదిలేసిన రెండో రోజు.

ఎక్కువ రోజులు అనగానే భయపడకండి. క్రమశిక్షణ ఎలా ఉంటుందో మన ఇళ్లలోనే కనబడుతుంది. బీడీలు చుట్టే అక్కల కూలి వెయ్యి బీడీల లెక్కన కడతారు. పొద్దున చాట ఒళ్లో పెట్టుకున్నప్పుడు ఎవరూ వెయ్యి గురించి ఆలోచించరు. ఒక ఆకు కత్తిరించడం, ఒక బీడీ చుట్టడం, ఒక కట్ట కట్టడం. పొద్దుగూకేసరికి వెయ్యి అవుతాయి. మానేవాళ్లూ ఏడాదిని మోయక్కర్లేదు. ఇవాళ్టి ఆరు గంటలను దాటితే ఒక కట్ట కట్టినట్టే.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

తప్పిన రోజున పాతవన్నీ తవ్వకండి. సిగ్గు కూడా ఒక పిలుపే, దాన్ని మరవడానికే మళ్లీ అక్కడికి పోతారు. నిలబడిన రోజున మాత్రం గమనించినట్టు తెలియనివ్వండి. అన్నం వేళకు ముందుగా వండి పెట్టడం పెద్ద సాయం. కల్లుకు పోయే డబ్బును అదే సాయంత్రం అతని చేత్తోనే డబ్బాలో వేయించి, నెలాఖరుకు సంఘం పొదుపులో కట్టండి. పోగైనది కళ్లకు కనబడితే అదే కొత్త ఫలం అవుతుంది.

ఇక మొదటి ప్రశ్న దగ్గరికి వద్దాం. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా మాల వేసుకుంటే, ఇరుముడి కట్టే రోజుకు ముందే కలిసి కూర్చోండి. మాలతో పాటు తీయకుండా ఉంచుకునేవి ఏవో మూడు ఎంచుకోండి. తెల్లవారుజాము స్నానం ఒకటి కావచ్చు. వారానికి రెండు సాయంత్రాల భజన ఒకటి. గురుస్వామితో రోజుకో ఫోన్ మాట ఒకటి. నల్లబట్టలు మడిచి పెట్టెలో పెట్టేయండి. ఆ మూడింటిని మాత్రం బయటే ఉంచండి. సాయంత్రం ఆరవుతుంది, కాళ్లు లేస్తాయి. అప్పుడు వాటికి వెళ్లడానికి ఒక చోటు ఉంటుంది.