లూథరన్ కళాశాల తలుపులు తెరిచింది; అర్హత పత్రం వద్ద చిక్కుముడి

గుంటూరు: తెలుగు అక్షరాలు మొట్టమొదట అచ్చులో కనిపించింది మద్రాసులో కాదు, బందరులో అంతకన్నా కాదు; జర్మనీలోని హాలే పట్టణంలో. బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ మిషనరీ మద్రాసులో ఉండగా తెలుగు నేర్చి, 1728 నాటికే లాటిన్ భాషలో తెలుగు వ్యాకరణం రాశాడు. స్వదేశానికి తిరిగి వెళ్లిన తర్వాత 1746 ప్రాంతంలో చిన్న చిన్న తెలుగు మతగ్రంథాలను అక్కడ ముద్రింపజేశాడు. వ్యాకరణం మాత్రం వ్రాతప్రతిగానే మిగిలి, 1984లో గాని హాలేలో వెలుగు చూడలేదు. రెండున్నర శతాబ్దాల పాటు ఆ ప్రతిని కాపాడిన పట్టణానికి తెలుగువారు రుణపడి ఉన్నారనే చెప్పాలి.

హాలే విశ్వవిద్యాలయం 1694లో వెలసింది. మార్టిన్ లూథర్ స్వయంగా బోధించిన విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం 1817లో ఇందులో విలీనమైంది. పట్టణాలన్నీ బడులు పెట్టి తీరాలని 1524లోనే నగర పాలకులకు లేఖ రాసిన లూథర్ పేరు మీద నడిచే సంఘాలు ఎక్కడికి వెళ్లినా చర్చి పక్కనే బడి కట్టడం ఆనవాయితీ అయింది. అమెరికాలో ఆ బడులు కాలక్రమేణా విశ్వవిద్యాలయాలుగా ఎదిగాయి. ఆంధ్రదేశంలో అంత దూరం పోలేదు గాని, గుంటూరులోని ఆంధ్ర క్రిస్టియన్ కళాశాల, అందరి నోటా ఏసీ కాలేజీ, ఆ కోవలోనిదే.

అమెరికన్ లూథరన్ల తొలి విదేశీ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842 జూలై 31న గుంటూరు చేరుకున్నారు. నాటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు ఆసరా ఇచ్చారు. మిషన్ నడిపిన ఇంగ్లీషు బడి 1885లో కళాశాల స్థాయికి పెరిగింది. 1926లో డిగ్రీ తరగతులు వచ్చాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టిన సంవత్సరం కూడా అదే. ఆ మరుసటి ఏడు, 1927లో, ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడి గుంటూరు కేంద్రంగా పని ప్రారంభించింది. వైద్యం విషయంలోనూ ఇదే వరుస. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ కృషితో స్త్రీల కోసం కట్టిన ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. ఈనాటికీ గుంటూరు ప్రజలు దాన్ని కుగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తారు.

ఏసీ కాలేజీ కేవలం క్రైస్తవుల కళాశాలగా ఎన్నడూ లేదు. సనాతన ధర్మాభిమాని అయిన విశ్వనాథ సత్యనారాయణ కొంతకాలం ఇక్కడ తెలుగు బోధించారు. నందమూరి తారక రామారావు బి.ఎ. చదివింది ఇక్కడే. తోళ్ల పరిశ్రమను శాస్త్రస్థాయికి తెచ్చిన యలవర్తి నాయుడమ్మ ఇంటర్మీడియట్ ఇక్కడే పూర్తి చేసి కాశీ వెళ్లారు. లూథరన్ సంఘం నడిపిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో గుర్రం జాషువ దాదాపు పదేళ్లు పనిచేశారు. అగ్రవర్ణాల పండితులు జాషువను దూరం పెట్టిన సంగతి అందరికీ తెలుసు. క్రైస్తవ పెద్దలు కూడా ఆయన కావ్యాలను చూసి ముఖం చిట్లించిన సంగతి అంతగా చెప్పుకోరు.

ఇటువంటి కళాశాలలు నడిచే పద్ధతి ఆసక్తికరమైనది. డిగ్రీ ఇచ్చేది కళాశాల కాదు, విశ్వవిద్యాలయం. మొదట మద్రాసు, తర్వాత ఆంధ్ర, 1976 నుంచి నాగార్జున విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికే ఇక్కడ చెల్లుబాటు. జీతాలకు ప్రభుత్వ గ్రాంటు ఇచ్చే సంప్రదాయం 1854 నాటి ఉడ్స్ తాఖీదుతో మొదలైంది. రాజ్యాంగం వచ్చాక దీనికి హద్దులు స్పష్టమయ్యాయి. సొంత విద్యాసంస్థలను నెలకొల్పి నడుపుకొనే హక్కు 30వ అధికరణం మైనారిటీలకు ఇచ్చింది. అయితే ప్రభుత్వ సహాయం పొందే సంస్థ మతం, కులం కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదని 29వ అధికరణం, ఇష్టం లేని విద్యార్థిని మతబోధకు కూర్చోబెట్టరాదని 28వ అధికరణం చెబుతున్నాయి. సహాయం పొందే మైనారిటీ సంస్థలు ఇతరులను కూడా సహేతుకమైన సంఖ్యలో చేర్చుకోవాలని 2002లో సుప్రీంకోర్టు పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం టి.ఎం.ఎ. పాయ్ కేసులో తేల్చింది.

గ్రాంటు మీద ఆధారపడడంలోని ఇబ్బంది 2021లో బయటపడింది. ఎయిడెడ్ సంస్థలు ఆస్తులతో సహా ప్రభుత్వపరం కావాలని, లేదా ఎయిడెడ్ సిబ్బందిని అప్పగించి ప్రైవేటుగా నడుపుకోవాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విధానం ప్రకటించింది. విద్యార్థులు, తల్లిదండ్రులు వీధికెక్కారు. ఆ ఏడాది నవంబరులో పూర్వపద్ధతినే కొనసాగే వెసులుబాటు కూడా కల్పిస్తూ ప్రభుత్వం వెనక్కు తగ్గింది. గొడవ సద్దుమణిగింది సరే, పదవీ విరమణ చేసిన ఎయిడెడ్ అధ్యాపకుని స్థానం నిండకపోతే గ్రాంటు ఉన్నా లేకున్నా ఒకటే కదా!

ఇక అసలు చిక్కు. లూథరన్ సంఘ సభ్యులలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. ఊరి బడి గడప ఎక్కనివ్వని రోజుల్లో మిషన్ బోర్డింగులో అన్నం తిని, అక్షరం నేర్చిన తరాలవి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. పర్యవసానంగా, ఒకే పేటలో, ఒకే గోడకు ఇటూ అటూ ఉన్న అన్నదమ్ముల బిడ్డలలో ఒకరు ఎస్సీ, మరొకరు బీసీ-సి. ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉండగా బీసీ-సి వాటా 1 శాతం.

రాష్ట్ర ప్రభుత్వం 1977లో ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. రిజర్వేషన్ వంటి చట్టబద్ధ ప్రయోజనాలను మినహాయించి, ఉపకార వేతనం వంటి రాయితీలను మతం మారిన దళితులకు కూడా వర్తింపజేసింది. చదువుకోవడానికి సాయం అందుతుంది, చదివాక ఉద్యోగం దగ్గర అదే కులం చెల్లదు. దరఖాస్తు ఫారంలో మతం గడి వద్ద కలం ఆగే విద్యార్థి పరిస్థితి ఇదీ. చర్చిలో ఒక పేరు, ధ్రువపత్రంలో మరొక పేరు పెట్టుకున్న కుటుంబాలు కోస్తా జిల్లాలకు కొత్త కాదు. వారిని తప్పుపట్టేవారు గాని, సర్టిఫికెట్ కోసం తహశీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగే తండ్రిని పలకరించేవారు తక్కువ.

మతంతో నిమిత్తం లేకుండా ఎస్సీ హోదా ఇవ్వాలని జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. దళిత క్రైస్తవులను ఎస్సీలుగా గుర్తించాలని కేంద్రాన్ని కోరుతూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లోను, విభజన తర్వాతి సభ 2023 మార్చిలోను తీర్మానాలు చేశాయి. మతం మారాక కూడా వివక్ష అదే రూపంలో ఉన్నదని రుజువు కావాలని సుప్రీంకోర్టు 1985లో సూసాయ్ కేసులో అన్నది. ఆ రుజువులు పరిశీలించేందుకు కేంద్రం 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ నియమించింది. ఒకే మతస్థులకు రెండు శ్మశానాలున్న పల్లెల సంగతి ఎరిగినవారికి ఆ రుజువు కోసం ఎక్కువ దూరం వెళ్లనక్కరలేదు.