విదేశాల్లో ఆర్థిక సహాయంతో పిహెచ్.డి.: అవకాశాల అన్వేషణ, ఎంపిక

వ్యవసాయ శాస్త్రంలో ఎం.ఎస్సీ. పూర్తిచేసి విదేశాల్లో పిహెచ్.డి. చేయదలచిన విద్యార్థులు మొదట గ్రహించవలసిన విషయం ఒకటుంది: ప్రవేశం వేరు, ఆర్థిక సహాయం వేరు. ప్రవేశపత్రం చేతికి వచ్చినా, మూడు నాలుగేళ్ల జీవనవ్యయం ఎవరు భరిస్తారో తేలకపోతే సామాన్య రైతు కుటుంబానికి చెందిన విద్యార్థి అప్పు చేయడమో, అవకాశాన్ని వదులుకోవడమో తప్పదు. అందువల్ల విశ్వవిద్యాలయం పేరుతో కాక, నిధుల మూలంతో అన్వేషణ ప్రారంభించడం మేలు.

జర్మనీలో రెండు పద్ధతులు

సంప్రదాయ పద్ధతిలో ఒక ఆచార్యులు పర్యవేక్షణకు అంగీకరిస్తారు. వారి ప్రాజెక్టులో ఉద్యోగం లేకపోతే అభ్యర్థి సొంతంగా ఫెలోషిప్ సంపాదించుకోవాలి. జర్మన్ విద్యా వినిమయ సంస్థ (డి.ఎ.ఎ.డి.) పరిశోధన గ్రాంట్లు ఇందుకు ఉపకరిస్తాయి. క్రమబద్ధ కార్యక్రమాల్లో ఎంపికను కమిటీ చేస్తుంది. పర్యవేక్షక బృందం, నిర్ణీత కోర్సులు, కాలానుగుణ సమీక్షలు ఉంటాయి. అంతర్జాతీయ మాక్స్ ప్లాంక్ పరిశోధన పాఠశాలలు ఈ కోవకు చెందినవే. కొలోన్‌లోని మొక్కల ప్రజనన పరిశోధన సంస్థలోనూ అటువంటి పాఠశాల ఉంది. ఉద్యోగ ప్రకటనల్లో కనిపించే ‘65 శాతం’ అనే సంఖ్య పూర్తికాల వేతనంలో చెల్లించే భాగాన్ని సూచిస్తుంది. పరిశోధనకు వెచ్చించే సమయం సాధారణంగా అంతకు మించే ఉంటుంది.

వాగెనింగన్ నమూనా

నెదర్లాండ్స్‌లోని వాగెనింగన్ విశ్వవిద్యాలయం పిహెచ్.డి. పరిశోధకులను సాధారణంగా 4 ఏళ్ల కాలానికి ఉద్యోగులుగా నియమిస్తుంది. ఆరంభ దశలోనే కొనసాగింపుపై నిర్ణయం తీసుకుంటారు. ఇక్కడి ‘శాండ్‌విచ్’ పద్ధతిలో ఆరంభ, ముగింపు దశలు వాగెనింగన్‌లోనూ, క్షేత్ర పరిశోధన స్వదేశంలోనూ సాగుతాయి. స్థానిక పంటల సమస్యలపై పనిచేసేవారికి ఇది అనువైనది.

ఐరోపా సమాఖ్య, అమెరికా

మేరీ క్యూరీ డాక్టరల్ నెట్‌వర్కులలో ఎంపికైనవారికి వేతనంతో నియామకం లభిస్తుంది. అయితే నియామకానికి ముందు 36 నెలల్లో ఆతిథ్య దేశంలో 12 నెలలకు మించి నివసించి ఉండరాదు. జర్మనీలో రెండేళ్ల మాస్టర్స్ చదివి వెంటనే అక్కడే దరఖాస్తు చేసేవారికి ఈ నిబంధన అడ్డంకి; స్వదేశంలో ఎం.ఎస్సీ. చేసినవారికి అది సాధారణంగా అడ్డు కాదు. ఇటువంటి ప్రకటనలు యూరాక్సెస్ పోర్టల్‌లో లభిస్తాయి. అమెరికాలో ఆచార్యుల ప్రాజెక్టు నిధులతో పరిశోధన సహాయకత్వం లభిస్తుంది. కనుక దరఖాస్తుకు ముందే వారితో ఉత్తర ప్రత్యుత్తరాలు జరపడం అవసరం.

దరఖాస్తులో జాగ్రత్తలు

అందరికీ ఒకే లేఖ పంపడం నిష్ఫలం. ఆ ప్రయోగశాల ఇటీవలి పరిశోధన పత్రాలు చదివి, తన సిద్ధాంత వ్యాసంలోని ఏ నైపుణ్యం అక్కడ ఉపయోగపడుతుందో అభ్యర్థి స్పష్టంగా తెలపాలి. పది పాయింట్ల ఓ.జి.పి.ఎ. విధానాన్ని వివరించే పత్రాన్ని జతపరచడం మంచిది. సిఫారసు లేఖ రాసే శాస్త్రవేత్తలు సైతం పొగడ్తలకు బదులు విద్యార్థి వేసిన ప్రయోగం, చేసిన విశ్లేషణ, ఎదుర్కొన్న సమస్యను పేర్కొంటే ఆ లేఖకు బలం చేకూరుతుంది.

అంగీకారం తెలిపే ముందు మూడు ప్రశ్నలకు లిఖితపూర్వక సమాధానం పొందాలి: వేతనం ఎన్నేళ్లు? బోధన రుసుము, ఆరోగ్య బీమా ఎవరివి? గడువులోగా పరిశోధన ముగియకపోతే నిధులు ఎక్కడి నుండి వస్తాయి?