ఒకే జన్యువులు, రెండు హాల్ టికెట్లు

2022 తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో వీణకు 712 మార్కులు వస్తే, వాణికి 707 వచ్చాయి. తలలు అతుక్కుని 2003లో పుట్టిన ఈ కవలల బాల్యం చాలావరకు హైదరాబాద్‌లోని నీలోఫర్ ఆసుపత్రిలోనే గడిచింది. మెదళ్లు వేరువేరే కానీ, రక్తనాళాలు పెనవేసుకుపోయాయి. విడదీస్తే ప్రాణాలకే ముప్పని వైద్యులు వెనుకాడారు. పరీక్షలు మాత్రం వేరువేరు హాల్ టికెట్లతోనే రాశారు.

అతుక్కుని పుట్టే కవలలు ఒకే ఫలదీకరణ అండం నుంచి వస్తారు. కాబట్టి జన్యువులు దాదాపు ఒకటే. వీరికి గదీ ఒకటే, పాఠాలూ ఒకటే. మరి ఇద్దరు మనుషులెలా అయ్యారు? (అయిదు మార్కుల తేడాతో ఏదీ తేలదనుకోండి.)

ఇలాంటి ప్రశ్ననే జర్మనీ శాస్త్రవేత్తలు చిట్టెలుకలపై పరీక్షించారు. జన్యుపరంగా ఒకేలా ఉన్న 40 చిట్టెలుకలను ఒకే పెద్ద ఆవరణలో 3 నెలలు పెంచారు. తేడాలు రోజురోజుకూ పెరిగాయి. ఎక్కువగా తిరుగుతూ కొత్త చోట్లు వెతికినవాటి మెదడులో, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్‌లో, కొత్త నాడీకణాలు ఎక్కువగా పుట్టాయి. 2013లో ‘సైన్స్’ పత్రికలో ఇది వెలువడింది.

వీణ, వాణిలకు అలా విడిగా తిరిగే వీలే లేదు. ఒకరు లేవాలంటే ఇద్దరూ లేవాలి. అయినా ప్రశ్నపత్రం ముందుంటే ఎవరి జవాబులు వారివే.