రాలే చుక్కల్ని రంగుల్లో పట్టుకోవాలంటే

1833 నవంబరు 13 తెల్లవారుజామున అమెరికా తూర్పు ప్రాంతమంతా ఉలిక్కిపడి నిద్ర లేచింది. గంటకు వేల, పదుల వేల లెక్కన ఆకాశం నుంచి ఉల్కలు రాలుతున్నాయి. లోకం అంతమైపోతోందని మోకాళ్ల మీద కూలబడినవాళ్లున్నారు. ఆ రాత్రి ప్రస్తావన వస్తే చాలు, ఇప్పటికీ పుస్తకాల్లో ఒకే బొమ్మ అచ్చవుతుంది: కింద కొన్ని ఇళ్లు, పైన ఆకాశం నిండా తెల్లటి గీతలు.

ఆ బొమ్మకు మూలచిత్రం వేసిన కార్ల్ యౌస్లిన్ స్విట్జర్లాండు చిత్రకారుడు. ఆయన పుట్టిందే 1842లో. అంటే చుక్కలు రాలిన తొమ్మిదేళ్లకు! ఆ దృశ్యాన్ని కళ్లారా చూసిన జోసెఫ్ వాగొనర్ అనే క్రైస్తవ బోధకుడు చెప్పిన వివరాలే ఆయనకు ఆధారం. ఆ చిత్రాన్ని చూసి అడాల్ఫ్ వోల్మీ 1889లో చెక్కిన అచ్చే లోకమంతా తిరిగింది. చూసినవాడు ఒకడు, గీసినవాడు ఇంకొకడు, చెక్కినవాడు మరొకడు. అయినా బొమ్మ నిలబడింది.

అదే రాత్రిని లకోటా తెగవాళ్లు తమ పద్ధతిలో దాచుకున్నారు. ఏడాదికి ఒక్క బొమ్మ చొప్పున అడవిదున్న తోలు మీద తమ చరిత్ర గీసుకోవడం వాళ్ల ఆచారం. ఆ ఏటి గుర్తుగా చాలా గుంపులవాళ్లు రాలే చుక్కల్నే గీశారు. ఆ బొమ్మ ఎక్కడుందో చూసుకునే చరిత్రకారులు తక్కిన ఏళ్లకు తారీఖులు సరిపెట్టగలిగారు.

ఉల్కాపాతాన్ని బొమ్మ వేయడంలో ఉన్న కష్టమంతా సమయంతోనే. చెట్టును చూసి చెట్టు వేయొచ్చు, చంద్రుణ్ని చూసి చంద్రుణ్ని వేయొచ్చు. ఉల్క చాలాసార్లు ఒక్క సెకను కూడా నిలవదు. బ్రష్ చేతిలోకి వచ్చేసరికి అది ఉండదు. కాబట్టి ఈ బొమ్మ ఎప్పుడూ జ్ఞాపకంలోంచి రావలసిందే. ఆ జ్ఞాపకం ఎంత గట్టిదో, చూసినదాని వెనక సంగతి చిత్రకారుడికి ఎంత తెలుసో, బొమ్మ అంత నిజంగా ఉంటుంది.

ఈ విషయంలో ఎటియెన్ లియోపోల్ ట్రూవెలో చేసిన పనిని మించింది కనబడదు. 1827లో ఫ్రాన్సులో పుట్టి అమెరికాకు వలస వెళ్లిన మనిషి. పట్టు కోసం ప్రయోగాలు చేయాలని ఆయన ఐరోపా నుంచి తెప్పించిన చిమ్మటలు మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫర్డ్ ఇంటినుంచి తప్పించుకుపోయాయి. అక్కడి అడవులు ఇప్పటికీ ఆ పురుగుల బెడద పడుతున్నాయి. ఆ తర్వాత ఆయన దృష్టి ఆకాశం మీదికి మళ్లింది. ఆయన చేతి పనితనం చూసి 1872లో హార్వర్డ్ అబ్జర్వేటరీ పిలిచి మరీ పని ఇచ్చింది. గ్రహాలు, నీహారికలు, సూర్యుడి మచ్చలు కలిపి వేల బొమ్మలు గీశాడు. వాటిలోంచి ఏరిన 15 చిత్రాలు రంగుల అచ్చులో 1880ల మొదట్లో వెలువడ్డాయి. అందులో ఒకటి ‘నవంబరు ఉల్కలు’.

1868 నవంబరు 13 అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టి తెల్లవారుజామున 5 గంటల దాకా చూసినవాటిని ఆ ఒక్క చిత్రంలో పెట్టాడు. ముదురు నీలం ఆకాశంలో కొన్ని ఉల్కలు బాణంలా తిన్నగా దూసుకెళ్తాయి, కొన్నింటి జాడలు మెలికలు తిరిగి ఉంటాయి. అవన్నీ ఒకేసారి కనిపించినవి కావు. కానీ ఏదీ ఊహించి పెట్టింది కాదు. గంటల తరబడి కళ్లు కాయలు కాసేలా చూసి, ఒక్కోదాన్ని మనసులో భద్రపరచుకొని, చివరికి ఒకే ఆకాశంలో చేర్చాడు. ఈనాటి ఫోటోగ్రాఫర్లు చేసేదీ ఇదే. రాత్రంతా తీసిన వందల ఫోటోల్లోంచి ఉల్కలున్నవి ఏరి ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. ఫోన్లో కనిపించే ఉల్కాపాతం ఫోటోలు చాలావరకు అలా కూర్చినవే. వాటిని చూసి బొమ్మ వేసేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అమెరికా చిత్రకారుడు ఫ్రెడరిక్ చర్చ్ కథ ఇంకోలాంటిది. 1860 జులై 20 రాత్రి ఒక పెద్ద ఉల్క భూమి వాతావరణాన్ని ఒరుసుకుంటూ, కిందికి పడకుండా అడ్డంగా సాగిపోయింది. దారిలో పగిలి రెండు పెద్ద ముక్కలై, వెనక చిన్న ముక్కల వరుసతో ఊరేగింపులా కదిలింది. కొత్తగా పెళ్లయి భార్యతో న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్‌లో ఉన్న చర్చ్ దాన్ని చూసి ‘1860 ఉల్క’ అనే చిన్న చిత్రం వేశాడు. నిప్పుముద్దలు పైన, వాటి వెలుగు కింద నీళ్లలో. కవి వాల్ట్ విట్మన్ ‘ఉల్కల సంవత్సరం’ కవితలో వర్ణించినది ఏ ఉల్కనో చాలాకాలం పండితులకు అంతుపట్టలేదు. టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన డొనాల్డ్ ఓల్సన్ బృందానికి 2010లో దారి చూపింది ఈ బొమ్మే. నూటయాభై ఏళ్ల తర్వాత శాస్త్రవేత్తలకు సాక్ష్యంగా పనికొచ్చిందంటే చర్చ్ కన్ను ఎంత నమ్మకమైనదో అర్థమవుతుంది.

ఇక బొమ్మ వేయాలనుకునేవాళ్లు తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి 1833 ఉల్కాపాతం నుంచే వచ్చింది. యేల్‌లో పాఠాలు చెప్పే డెనిసన్ ఓమ్‌స్టెడ్ అందరి సాక్ష్యాలూ సేకరించి, ఉల్కల గీతలన్నీ సింహరాశిలో, మన మఖ నక్షత్రం దాపున ఉన్న ఒకే చోటునుంచి విచ్చుకున్నట్టు కనిపించాయని గుర్తించాడు. నిజానికి ఉల్కలుగా వెలిగే ధూళి రేణువులు ఒకదానికొకటి సమాంతరంగానే వస్తాయి. రైలు పట్టాలు దూరాన కలిసినట్టు కనబడటం లాంటిదే ఇదీ. తోకచుక్కలు తమ దారిలో వదిలిన ధూళిలోకి భూమి ఏటా అదే రోజుల్లో దూరుతుంది కనుక ఆ చోటు మారదు. అందుకే ఉల్కలన్నిటినీ ఒకే వాలులో వానచినుకుల్లా గీస్తే బొమ్మ అబద్ధమైపోతుంది. కాగితం మీద ముందు పెన్సిలుతో ఒక చుక్క పెట్టుకోవాలి. ప్రతి గీతనూ వెనక్కి పొడిగిస్తే ఆ చుక్కకే చేరాలి. దానికి దగ్గర్లో గీతలు పొట్టిగా, దూరం పోయేకొద్దీ పొడుగ్గా ఉండాలి.

ఆకాశానికి ట్యూబులోని నల్లరంగు నేరుగా పూస్తే రాత్రికి లోతు రాదు. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ అంబర్ కలిపితే వచ్చే చీకటికి ప్రాణం ఉంటుంది. నడినెత్తిన చిక్కగా, దిగంతం వైపు పలచగా రావాలి. ఒక పూత బాగా ఆరాకే రెండోది. నక్షత్రాలకు పాత టూత్‌బ్రష్ చాలు: తెల్ల పోస్టర్ కలర్ అద్ది బొటనవేలితో చిమ్మాలి. నీళ్లు ఎక్కువైతే మరకలు పడతాయి కాబట్టి ముందు చిత్తు కాగితం మీద చిమ్మి చూసుకోవడం మంచిది. అలా చిమ్మినవి ఉత్త చుక్కలే. మృగశిర, పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికల గుంపు, నారింజ ఛాయలో రోహిణి, ఆర్ద్ర... వీటిని సన్న బ్రష్‌తో వాటి వాటి చోట్లలోనే పెట్టాలి. అప్పుడే అది డిసెంబరు ఆకాశం అవుతుంది.

ఉల్క గీతకు పొడుగాటి సన్న బ్రష్ కావాలి, మణికట్టు కాకుండా మోచెయ్యి కదలాలి. మొదట తాకీ తాకనట్టు మొదలుపెట్టి, పోనుపోను కొంచెం ఒత్తి, కొసలో చటుక్కున ఎత్తేయాలి. ఉల్క వెలిగే తీరు అదే: సన్నగా మొదలై, చివర్లో భగ్గుమని, ఆరిపోతుంది. వేగంగా వచ్చేవాటి జాడకు మొదట్లో ఆకుపచ్చ ఛాయ ఉంటుందని ఫోటోలు చెబుతాయి; అది గాలిలోని ఆక్సిజన్ వెలుగు. సోడియం పసుపు నారింజను, మెగ్నీషియం నీలం ఆకుపచ్చను ఇస్తాయి. కానీ సన్నటి ఉల్కలు మన కంటికి తెల్లగానే కనిపిస్తాయి. కాబట్టి రంగు ఒకటి రెండు పెద్ద ఉల్కలకే పరిమితం చేస్తే అందం. మరో మాట: ఉల్కలు మండేది దాదాపు 80 నుంచి 120 కిలోమీటర్ల ఎత్తున. మబ్బు ముందు నుంచో, తాటిచెట్టు ముందు నుంచో ఉల్క గీత పోకూడదు.

ఆగస్టులో పెర్సీడ్ ఉల్కలు రాలే రోజుల్లో తెలుగునాట ఆకాశం తరచు మబ్బుల పాలవుతుంది. మనకు నికరమైనవి డిసెంబరు 13, 14 తేదీల జెమినిడ్‌లే. ఇవి తోకచుక్క నుంచి కాక, 1983లో కనుగొన్న ఫేథాన్ అనే గ్రహశకలం నుంచి వస్తాయి. సెకనుకు 35 కిలోమీటర్ల వేగం. నవంబరులో సింహరాశి వైపునుంచి వచ్చే లియోనిడ్‌లతో పోలిస్తే అది సగమే కనుక కంటికి కాస్త చిక్కుతాయి. పునర్వసు జంట దాపునుంచి విచ్చుకుంటాయి. రాత్రి 10కల్లా తూర్పున పైకొచ్చే ఆ జంట, 2 గంటల ప్రాంతంలో దాదాపు నడినెత్తిన ఉంటుంది.

పంచాంగంలో అమావాస్య ఎంత దగ్గరగా ఉందో చూసుకుని, వీధిదీపాలకు దూరంగా ఓ మేడ మీదో పొలం గట్టు మీదో చాప వేసుకోండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది. ఆలోగా ఫోన్ ముట్టొద్దు. ఎర్ర కాగితం చుట్టిన టార్చి, ఒక పెన్సిలు, నాలుగు తెల్లకాగితాలు చాలు. ఉల్క కనిపించగానే ఏ చుక్క దగ్గర మొదలై ఎక్కడ ఆరిందో గీత గీసుకోండి. రంగుల పని తెల్లారాక చూసుకోవచ్చు.