దాత కార్నియాను కోసే పరికరం ఎలా ఉండాలి?

మీ కుటుంబంలో ఒకరికి కార్నియా మార్పిడి చేయాలని డాక్టరుగారు చెప్పినప్పుడు, "కన్ను దొరికితే చాలు" అని మీరు అనుకోవచ్చు. కన్ను దొరకడం ఎంత ముఖ్యమో, దానిని పాడుచేయకుండా సిద్ధం చేయడం కూడా అంతే ముఖ్యం.

కార్నియా అంటే ఏమిటి?

నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే పొరే కార్నియా. మధ్యలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు. దాని లోపలివైపు ఒకే వరుసగా ఉన్న కణాలు నీటిని బయటకు తోడుతూ దానిని తేటగా ఉంచుతాయి. చర్మంపై పుండు మానినట్టు ఈ కణాలు మళ్ళీ పుట్టవు. పోయినవి పోయినట్టే. కనుక ఐ బ్యాంకులో వీటిని మైక్రోస్కోపుతో లెక్కిస్తారు. చూపు కోసం చేసే మార్పిడికి సాధారణంగా చదరపు మిల్లీమీటరుకు 2000 కంటే ఎక్కువ కణాలున్న కార్నియాను ఎంచుకుంటారు.

ఎలా కోస్తారు?

కార్నియా మొత్తం మందాన్ని మార్చేటప్పుడు ట్రెఫైన్ అనే గుండ్రని బ్లేడు వాడతారు. దాత కార్నియాను గుంట ఉన్న దిమ్మపై, లోపలివైపు పైకి వచ్చేలా ఉంచి, ఒక్క ఒత్తుతో కోస్తారు. రోగి కంటిలో 7.5 మి.మీ. తీసేస్తే, దాత ముక్కను తరచుగా 7.75 లేదా 8 మి.మీ. ఉండేలా తీస్తారు.

మంచి పరికరమని ఎలా తెలుస్తుంది?

మార్పిడికి పనికిరాని కార్నియాలపై, దాత కుటుంబం పరిశోధనకు ఒప్పుకున్నప్పుడు, పరికరాలను పరీక్షిస్తారు. ముఖ్యంగా మూడు విషయాలు చూస్తారు.

1. అంచు గుండ్రంగా, నున్నగా ఉందా? కోలగా వస్తే కుట్లు వేశాక సిలిండర్ పవర్ పెరిగి చూపు వంకరగా కనిపిస్తుంది.

2. కణాలు ఎన్ని చనిపోయాయి? ఒక నీలి రంగు వేస్తే చనిపోయిన కణాలు ఆ రంగు పట్టుకుంటాయి. బ్లేడు మొద్దుబారితే కణాలు ఎక్కువగా నలుగుతాయి.

3. కార్నియా కదలకుండా, సరిగ్గా మధ్యలో నిలిచిందా? కొన్ని పరికరాలు దానిని గాలి పీల్చి పట్టి ఉంచుతాయి.

లోపలి పొర మాత్రమే మార్చేటప్పుడు

డీసెక్ ఆపరేషన్‌లో మైక్రోకెరటోమ్ అనే యంత్రంతో పలుచని పొరను కోస్తారు. డీమెక్‌లో మిల్లీమీటరులో సుమారు నూరో వంతు మందమున్న పొరను చేతితో ఒలుస్తారు. అది చిరిగిపోతే మరో కార్నియా కోసం ఆగవలసి రావచ్చు. అలా వాయిదా పడితే నిరాశపడకండి. పాడైన పొరను అమర్చడం కంటే ఆగడమే రోగికి మేలు.

మీరు చేయవలసినవి

ఏ రకం ఆపరేషనో ముందుగానే అడిగి తెలుసుకోండి. లోపలి పొర అతుక్కోవడానికి కంట్లో గాలి బుడగ పెడితే, చెప్పినంత సేపు రోగిని వెల్లకిలా పడుకోబెట్టండి. చుక్కల మందు సొంతంగా మానవద్దు. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు తగ్గినా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. ఆపరేషన్ జరిగి ఏళ్ళు గడిచినా ఇది వర్తిస్తుంది.

తమ దుఃఖంలోనూ ఈ కన్నును ఇచ్చిన కుటుంబాన్ని మీ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. మిగిలిన ప్రతి కణాన్నీ కాపాడడమే వారికి మనం చెప్పగల కృతజ్ఞత.