విద్యుత్ స్కూటరు కొనే ముందు

శ్రీరాంపూర్ గనుల షిఫ్టుకైనా, మంచిర్యాల బజారు పనులకైనా విద్యుత్ స్కూటరు కొనదలచిన సోదరులకు ఒక వెసులుబాటు ఉంది: తెలంగాణ ప్రభుత్వం 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు మించని బండికి లైసెన్సు కూడా అక్కరలేదు. అయితే బొగ్గు లారీలు తిరిగే రహదారికి అంత నెమ్మదైన బండి తగదు. అది గల్లీల వరకే.

కంపెనీ చెప్పే మైలేజీ ఇద్దరెక్కినా, బియ్యం బస్తా పెట్టినా తగ్గుతుంది; బ్యాటరీ పాతబడేకొద్దీ మరింత తగ్గుతుంది. కనుక రోజూ తిరిగే దూరానికి రెట్టింపు చూసుకోండి. మన ఎండల్లో తిరిగివచ్చాక బ్యాటరీ చల్లబడనిచ్చి, నీడలో ఛార్జింగు పెట్టండి.

ఇక వాయిదాల సంగతి. వడ్డీ అప్పు హరామ్. ముందే ఖరారైన ఒకే ధరకు వాయిదాలిచ్చే అమ్మకాన్ని, నగదు ధరకన్నా ఎక్కువైనా, అత్యధిక ధర్మవేత్తలు సమ్మతించారు. ‘సున్నా వడ్డీ’ అన్న కాగితంలోనూ ఆలస్య రుసుము షరతు ఉందేమో, సంతకానికి ముందే చదివించుకోండి.