విద్యార్థిని గీసిన నల్లగోడ

1981లో వాషింగ్టన్‌లో కట్టబోయే వియత్నాం యుద్ధ స్మారకం కోసం జరిగిన పోటీకి 1,421 నమూనాలు వచ్చాయి. గెలిచింది యేల్ యూనివర్సిటీలో చదువుతున్న 21 ఏళ్ల మాయా లిన్. క్లాసు ప్రాజెక్టుగా చేసిన డిజైన్ అది!

విజయస్తంభం లేదు, గుర్రమెక్కిన సేనాని లేడు. నేలలోకి దిగే రెండు నల్ల గ్రానైట్ గోడలు, వాటి మీద 58 వేలకు పైగా పేర్లు. హోదాలు లేవు. అక్షరక్రమం కూడా కాదు, సైనికులు నేలకొరిగిన తేదీల వరుస. అందుకే ఒకే రోజు పోయిన మిత్రులు పక్కపక్కనే ఉంటారు. నునుపైన రాతిలో, ఆ పేర్ల మధ్యే, చదివేవారి ముఖమూ కనిపిస్తుంది. యుద్ధం మిగిల్చిన నష్టాన్ని దాచకూడదన్న ఆమె నమ్మకమంతా ఈ అమరికలోనే ఉంది.

లిన్ పోటీకి పంపిన పాస్టెల్ బొమ్మలతోపాటు, గోడ వెంట నడిస్తే ఎలా ఉంటుందో చెబుతూ చేత్తో రాసిన వ్యాసాన్ని జతచేసింది.

నలుపు అవమానమని కొందరు మాజీ సైనికులు మండిపడ్డారు. ఆమె చైనా మూలాల మీదా మాటలు పడ్డాయి. రాజీగా 1984లో సమీపంలో ముగ్గురు సైనికుల విగ్రహం పెట్టారు. గోడ డిజైన్ మాత్రం మారలేదు.